ఎల్దుర్తి ఎండలో ఓ గిటార్

బస్సు బోర్డు మీద వెల్దుర్తి అని రాసి ఉంటుంది. ఊళ్లో ఎవరిని అడిగినా ఎల్దుర్తి అనే అంటారు. హైదరాబాద్‌లో మా ఊరి పేరు చెబితే సగం మంది 'కర్నూలు దగ్గరదా?' అని అడుగుతారు. అది వేరే వెల్దుర్తి. మాది మెదక్ జిల్లా. జూబ్లీ బస్టాండ్‌లో ఎక్కి, మేడ్చల్, తూప్రాన్ దాటి, మాసాయిపేట దగ్గర పెద్ద రోడ్డు దిగి ఎడమకు తిరిగితే మా దారి. అక్కడి నుంచి వరి పొలాలు, మక్క చేన్లు, మధ్యలో తాటిచెట్లు. మా మండలం గుండానే హల్దీవాగు పారుతుంది. నా చిన్నప్పుడు అది వానాకాలంలో మాత్రమే వాగు, మిగతా కాలమంతా ఇసుక. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీళ్లను ఇందులోకి వదిలినప్పుడు, నడి ఎండాకాలంలో వాగు పారడం చూసి మా నాయిన ఫోన్ చేసి మరీ చెప్పాడు.

మా ఊరికి చూడ్డానికి రమ్మని ఎవరినీ పిలవలేను. కోట లేదు, జలపాతం లేదు. చూడాలంటే మెదక్ చర్చికి పోవాలి, లేదంటే శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోవాలి. ఎల్దుర్తిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. అది కట్టె గురించి, తడి గురించి, మా అమ్మ గురించి. అందుకు కారణం ఒక గిటార్.

ఆరు వేలని చెప్పిన

గిటార్‌ను నేను మొదటిసారి చూసింది మెదక్ చర్చి దగ్గరే. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన చర్చి అది. అందుకే క్రిస్మస్ వస్తే అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. మతంతో పని లేకుండా మా చుట్టుపక్కల ఊళ్లన్నీ పోతాయి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాయిన భుజం మీద కూర్చుని, ఎవరో అన్న గిటార్ వాయిస్తూ పాడుతుంటే చూశాను. పాట గుర్తులేదు. ఆయన కుడిచేతి వేళ్లు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇంజినీరింగ్ హాస్టల్‌లో స్నేహితుడి గిటార్ మీద నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక ఒకటి కొన్నాను, ఫ్యాక్టరీలో తయారైనది. ఆ తర్వాత క్లాసికల్ గిటార్ మీద మోజు పడ్డాను. ఇందులో ఇనుప తీగలుండవు, ఆరూ నైలాన్‌వే. పై మూడు ఉత్త నైలాన్, కింది మూడింటికి సన్నని లోహపు చుట్టు ఉంటుంది. పూర్వం గొర్రె పేగులతో చేసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పేగు తీగలకు కరువొచ్చి, 1940ల్లో అల్బర్ట్ అగస్టీన్ అనే ఆయన న్యూయార్క్‌లో నైలాన్ తీగలు చేశాడు. స్పెయిన్ విద్వాంసుడు సెగోవియా వాటిని వాడటంతో ప్రపంచమంతా అదే దారి పట్టింది.

ఈ గిటార్లను చేత్తో తయారు చేసేవాళ్లు మన దేశంలో కొద్దిమందే ఉన్నారు. బెంగళూరులో ఒకాయన ఏడాదికి కొన్నే చేస్తాడు. ఎనిమిది నెలలు ఎదురుచూశాక నా వంతు వచ్చింది. పై పలక యూరప్ చలి కొండల్లో పెరిగే స్ప్రూస్ కట్టె, మందం రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర. పక్కలు, వెనక రోజ్‌వుడ్. వేళ్లు నొక్కే పలక నల్లని ఎబొనీ. ధర అరవై ఆరు వేలు.

ఇంట్లో ఆరు వేలని చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, మా అమ్మ బీడీలు చేస్తుంది. నేను పుట్టక ముందు నుంచీ చేస్తోంది. మా ఇంట్లో నా హాస్టల్ ఫీజు, పరీక్ష ఫీజు, మొదటి ఇంటర్వ్యూకు కొన్న బూట్లు, అన్నీ వెయ్యి బీడీల లెక్కలోనే మాట్లాడుకునేవాళ్లం. నాకు జీతం వచ్చాక మానెయ్యమంటే, 'చేతులు ఊకుంటాయారా' అని నవ్వి ఊరుకుంది.

మెట్లు గుచ్చుకున్నాయి

ఆ ఏడు మే నెలలో ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారు. మూడు వారాలకని గిటార్‌తో సహా ఊరికి వచ్చాను. నా గది మిద్దె మీద. పగలు స్లాబు కాలి, రాత్రి ఒంటి గంట దాకా వేడి దిగదు. గిటార్‌ను పెట్టెలోంచి తీసి, గోడ పక్కన స్టాండ్‌కు పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని.

నాలుగో రోజో ఐదో రోజో, మెడ మీద చెయ్యి జారుస్తుంటే మెట్ల చివర్లు వేలికి గుచ్చుకున్నాయి. మెట్లు అంటే తీగ కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. మన వీణకూ, కిన్నెరకూ ఇదే మాట. పద్మశ్రీ దర్శనం మొగులయ్య వాయించే వాద్యాన్ని పన్నెండు మెట్ల కిన్నెర అనేది అందుకే. బెంగళూరు నుంచి వచ్చినప్పుడు నున్నగా ఉన్న మెట్లు ఇప్పుడెందుకు గుచ్చుకుంటున్నాయో నాకు తట్టలేదు. తర్వాత తీగలు ఒకటి రెండు చోట్ల గరగరమన్నాయి. తీగలు పాతబడ్డాయనుకున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆఫీసు కాల్‌లో ఉన్నాను. వెనక నుంచి 'టప్' మని చిన్న శబ్దం. కింద ఉన్న అమ్మకు కూడా వినిపించింది. 'ఎలుకేమన్న పడ్డదారా?' అని అరిచింది.

ఎలుక కాదు. పై పలక మీద, తీగలు కట్టే బ్రిడ్జి దగ్గర నుంచి కింది అంచు దాకా, జానెడు పొడవున వెంట్రుకంత గీత. వేలితో తడిమితే గోరు పట్టింది. పగులు.

వడ్ల మామ చెప్పిన చక్రం కథ

నేను మొదట చేయబోయింది కిరాణం దుకాణానికి పోయి, క్షణంలో అతుక్కునే గమ్ము తేవడం. దారిలో వడ్ల మామ కనిపించాడు. వరసకు మామ కాదు, ఊరందరికీ మామే. డెబ్బై దాటినా ఇంకా చెయ్యి ఆడుతోంది. ఇప్పుడు తలుపులు, కిటికీలు అన్నీ రెడీమేడ్ అయ్యాక పని తగ్గింది.

ఇంటికి వచ్చి గిటార్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక పలక మీద వేలితో కొట్టి చూసి, 'ఇది జిట్టేగి గదా అల్లుడా!' అన్నాడు. నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే నిజమే. మనం జిట్టేగి అనేదాన్నే లోకం ఇండియన్ రోజ్‌వుడ్ అంటోంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై, 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించాక, మన దేశపు జిట్టేగికి గిటార్లు చేసేవాళ్ల దగ్గర గిరాకీ ఇంకా పెరిగింది. మామ మాత్రం దాంతో మంచాలు, పెళ్లి బీరువాలు చేశాడు.

'గమ్ము పెట్టకు. పెట్టినవంటే రేపు తెలిసినోడు సుత బాగు చెయ్యలేడు. కట్టె ఎండింది, అంతే. ఎండిన కట్టెను అతికిస్తే, వానలు పడంగనే ఇంకో దిక్కు పగుల్తది' అన్నాడు.

తర్వాత బండి చక్రం గురించి చెప్పాడు. ఎండాకాలంలో ఎడ్లబండి చక్రం కట్టె ముడుచుకుపోతుంది. చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులై గలగలలాడుతుంది. అప్పుడు రైతు వచ్చి వడ్లాయన కాళ్లావేళ్లా పడితే, వడ్లాయన సుత్తి తీయడు. బండిని హల్దీవాగు మడుగులో పెట్టి రమ్మంటాడు. రాత్రంతా నీళ్లు తాగి కట్టె ఉబ్బి, పట్టాను తనే గట్టిగా పట్టుకుంటుంది.

'అట్లని దీన్ని వాగుల ముంచకు మల్ల' అని నవ్వి, చాయ్ తాగి పోయాడు.

ఫోన్‌లో వినిపించిన అంకె

సాయంత్రం బెంగళూరుకు వీడియో కాల్ చేశాను. ఆయన పగులు చూడక ముందే ఒక ప్రశ్న అడిగాడు. 'గదిలో తేమ ఎంత?'

ఆఫీసులో నా పని ఏమిటంటే, వందల సర్వర్ల ఆరోగ్యం స్క్రీన్ మీద చూస్తూ ఉండటం. ఏ మెషిన్ వేడెక్కినా నాకు మెసేజ్ వస్తుంది. నేను పడుకునే గదిలో గాలి ఎంత పొడిగా ఉందో మాత్రం నాకు తెలియదు. మూడో రోజు ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న తేమ మీటర్ పెట్టి చూస్తే, మధ్యాహ్నం మూడు గంటలకు 22 శాతం. చేత్తో చేసే గిటార్లను మామూలుగా 45 నుంచి 50 శాతం తేమ ఉన్న గదిలో అతికిస్తారు. ఆ తర్వాత జీవితమంతా దానికి అలవాటైన గాలి అదే.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. కట్టె పొడవునా పెద్దగా మారదు, అడ్డంగానే ముడుచుకుంటుంది, అడ్డంగానే ఉబ్బుతుంది. గిటార్ పై పలకకు లోపల విసనకర్ర పుల్లల్లా సన్నని బద్దలు అతికి ఉంటాయి. పలక ముడుచుకుందామంటే బద్దలూ అంచులూ కదలనివ్వవు. ఆ గుంజులాటలో ఎక్కడో ఒకచోట పోగు వెంట చీలుతుంది. మెట్లు గుచ్చుకోవడం మొదటి హెచ్చరిక. మెడ పలక ముడుచుకుపోతుంది, లోహం ముడుచుకోదు, అందుకే మెట్ల చివర్లు బయటికి పొడుచుకొస్తాయి. తీగలు గరగరమనడం రెండో హెచ్చరిక. ఉబ్బెత్తుగా ఉండాల్సిన పై పలక కిందికి దిగితే తీగలు మెట్లకు తగులుతాయి. నాకు రెండు హెచ్చరికలూ వచ్చాయి, రెంటినీ తోసేశాను.

పై పలకే ఎందుకింత ముఖ్యమో కూడా చెప్పాడు. ఇవాళ్టి క్లాసికల్ గిటార్ రూపానికి మూలపురుషుడు స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో దె తోర్రెస్. 1862లో ఆయన పక్కలు, వెనక భాగం మొత్తం అట్టతో చేసి, పై పలక మాత్రం స్ప్రూస్‌తో పెట్టి ఒక గిటార్ కట్టాడు. శబ్దం పుట్టేది పై పలకలోనే అని నిరూపించడానికి. ఆ అట్ట గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. నాది పగిలింది సరిగ్గా అక్కడే.

'మొదట తేమ పెట్టు, మెల్లగా. వారం పది రోజుల్లో పగులు దానంతటదే దగ్గరికొస్తుంది. అప్పుడు పంపు, అతికిస్తాను' అన్నాడు. చివర్లో హిందీలో, 'కొరియర్‌లో ఇన్సూరెన్స్ చేయించు. విలువ ఛాసట్ హజార్ అని రాయించు' అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మ గుమ్మంలో చాట ముందు పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. మెదక్ దిక్కు బీడీల లెక్కలు చూసినవాళ్లకు హిందీ అంకెలు ఎవరూ నేర్పక్కర్లేదు.

మూడు లక్షల బీడీలు

అన్నం తినేటప్పుడు ఏమీ అనలేదు. గిన్నెలు కడిగాక వచ్చి పక్కన కూర్చుంది.

'ఆరు వేలన్నవ్ కదరా.'

నేను తలెత్తలేదు.

'వెయ్యికి రెండొందల ఇరవై' అంది. నేను కాలేజీలో ఉన్నప్పటి రేటు అది. 'పది వేలకు రెండు వేల రెండొందలు. లక్షకు ఇరవై రెండు వేలు. మూడు లక్షలకు అరవై ఆరు.' వేళ్లు కూడా ముడవలేదు. మా అమ్మ ఐదో తరగతి దాకే చదివింది. 'దినాం ఎనిమిది వందలు చేస్త. మూడు లక్షలంటే ఏడాది మీద పది దినాలు. ఒక్క దినం సుత ఆగకుంట.'

'నా జీతంలో కొన్న అమ్మా' అన్నాను. అది తప్పు జవాబు. నోట్లోంచి వచ్చాక తెలిసింది.

'నీ పైసలు నువ్వు ఏమన్న చేస్కో. అబద్ధమెందుకు చెప్పినవ్? కోప్పడ్త అనా?'

'కాదు. లెక్క చేస్తవని.'

'చేసిన కదా' అంది. కాసేపాగి, 'చేస్తే ఏమైంది? సచ్చిపోయిన్నా?' అని లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎండ వేడికి కాదు. నేను ఆమెకు బాధ తప్పిస్తున్నాననుకున్నాను. నిజానికి నాకు సిగ్గు తప్పించుకున్నాను.

ఆకు తడి

పొద్దున్నే లేచేసరికి అమ్మ మిద్దె మీద ఉంది. గిటార్ పెట్టె తెరిచి చూస్తోంది.

'ఎంత తడి పెట్టమన్నడు ఆయిన?'

'మెల్లగా అన్నడు. సబ్బు డబ్బాకు బొక్కలు పెట్టి, అందులో తడి స్పాంజి పెట్టి, పెట్టెలో మూయాలంట. కట్టెకు నీళ్లు తగలొద్దంట.'

'గిదేమన్న కొత్త ముచ్చటనా?' అంది.

బీడీలు చేసేవాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది తెలుసు, నాకు తెలిసీ తట్టలేదు. తునికాకు కట్ట ఎండి వస్తుంది. అలాగే కత్తిరిస్తే పెళపెళా విరిగిపోతుంది. రాత్రి నీళ్లు చల్లి, తడి గుడ్డలోనో గోనెసంచిలోనో చుట్టి పెడితే, తెల్లారేసరికి మెత్తబడుతుంది. తడి తక్కువైతే చుట్టేటప్పుడు చీలుతుంది. ఎక్కువైతే బూజు పడుతుంది, కంపెనీలో ఆ బీడీలు పక్కకు తీసేస్తారు, కూలి పోతుంది. ఎంత తడి అనేది ఏ మీటరూ లేకుండా, ఆకును చెంపకు ఆనించి చెప్పేస్తుంది మా అమ్మ. ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్నది నాకు ఫోన్‌లో బెంగళూరు నుంచి నేర్పారు.

స్పాంజిని ముంచి, పిండి, మళ్లీ పిండి, అరచేతి మీద ఒత్తి చుక్క రాలడం లేదని చూసి డబ్బాలో పెట్టింది. ఒకటి తీగల కింద, ఒకటి మెడ దగ్గర. ఆకు చుట్టే గుడ్డనే ఉతికి పెట్టె మీద కప్పింది. పెట్టెను మిద్దె మీద నుంచి దించి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే వడ్ల బస్తాల గదిలో, గోడకు ఆనకుండా పెట్టించింది. కూలర్ ముందు పెడదామని మా నాయిన అంటే, 'గాలి కొడితే పైపైన తడుస్తది, లోపల ఎండుతది' అని కోప్పడింది. మీటర్ పెట్టెలో పెట్టి చూశాను. మొదటి రోజు 30, మూడో రోజు 38, వారానికి 46. రోజూ పొద్దున పాలు పోసినంత పద్ధతిగా స్పాంజి మార్చింది. మధ్యలో నేను ఆఫీసు పని మీద నాలుగు రోజులు హైదరాబాద్ పోయినా ఆగలేదు.

తొమ్మిదో రోజు పెట్టె తెరిస్తే గీత కోసం వెతకాల్సి వచ్చింది. గోరు పట్టలేదు. మెట్లు గుచ్చుకోలేదు.

'ఇగ పంపు' అంది. 'గింత పెట్టి కొన్నవ్ గదా, మంచిగ చూస్కో. పలిగితే మూడు లక్షల బీడీలు పలిగినట్టే.'

బెంగళూరులో ఆయన సరేసుతో అతికించి, లోపలి వైపు పగులుకు అడ్డంగా చిన్న చిన్న కట్టె బిళ్లలు వేశాడు. అదే సరేసు, మా వడ్ల మామ కుండలో ఉడకబెట్టేది. వేడి, తడి తగిలితే మళ్లీ ఊడుతుంది కాబట్టి, రేపు ఇంకెవరైనా విప్పి బాగు చేయవచ్చు. పని అయ్యాక ఫోన్ చేసి, 'పెట్టె తెరవగానే ఏదో ఆకు వాసన వచ్చింది, ఏమిటది?' అని అడిగాడు. తునికాకు అని చెప్పాను. దాని శాస్త్రీయ నామం డయోస్పైరోస్ మెలనాక్సిలాన్. రెండో మాటకు గ్రీకులో నల్ల కట్టె అని అర్థం. నా గిటార్ మెడ మీది ఎబొనీ కూడా డయోస్పైరోస్ జాతిదే. అంటే నేను వేళ్లు పెట్టే కట్టె, అమ్మ వేళ్లు పెట్టే ఆకు చుట్టాలన్నమాట. ఆయన చాలాసేపు నవ్వాడు.

గొల్లపల్లిలో

ఆ డిసెంబరులో స్నేహితుడి పెళ్లికి విజయనగరం వెళ్తే, పనిగట్టుకుని బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి పోయాను. బొబ్బిలి వీణలు పుట్టే ఊరు. సర్వసిద్ధి వంశం వాళ్లు తరతరాలుగా చేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కుండ, మెడ, అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు తక్కువైతే ఊడే చోటూ తక్కువే.

వీణకు ఇరవై నాలుగు మెట్లు. అవి కట్టెలోకి దిగి ఉండవు, మైనం మీద నిలబడతాయి. వాటిని శ్రుతికి సరిగ్గా నిలబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. ఎండలో కారులో పెట్టి మరిచిపోతే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, మళ్లీ మేళం కట్టించాలి. నా గిటార్ సంగతి చెబితే అక్కడ ఉలి పట్టుకున్న పెద్దాయన ఆశ్చర్యపోలేదు. 'వీణైనా అంతేనండి. వాయించీవోళ్లింట్లో ఉంటే బాగుంటాది. షోకేసులో పెట్టీసినోళ్లే తిరిగి తెస్తారు' అన్నాడు. రోజూ చేతిలోకి తీసుకునేవాడికి చిన్న మార్పు కూడా వేలికి తెలుస్తుంది కదా. నాకు తెలిసింది కూడా, పట్టించుకోలేదంతే.

మీ ఇంట్లో గిటార్ ఉంటే

ఎల్దుర్తిలో నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

మూడు నాలుగు వందలు పెట్టి ఒక తేమ మీటర్ కొనండి. 45 నుంచి 55 మధ్య ఉంటే నిశ్చింత. 40 కన్నా తగ్గితే పెట్టెలో తడి స్పాంజి డబ్బా పెట్టండి, చుక్క రాలకూడదు. 65 దాటితే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. మన దగ్గర మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా పొడి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా తడి. రెండు కాలాలకూ రెండు రకాల కాపలా కావాలి. ఏసీ గది కూడా గాలిని పొడి చేస్తుందని మర్చిపోవద్దు.

వాయించనప్పుడు గట్టి పెట్టెలో పెట్టి మూసేయండి. గోడకు వేలాడదీస్తే అందంగానే ఉంటుంది, స్లాబు ఇంట్లో ఆ గోడే పొయ్యి. ఎండలో ఆపిన కారులో ఐదు నిమిషాలు కూడా వద్దు.

క్లాసికల్ గిటార్‌కు ఇనుప తీగలు ఎప్పుడూ వేయకండి. నైలాన్ తీగలు ఆరూ కలిసి దాదాపు 40 కిలోల బరువుతో గుంజుతాయి, ఇనుపవి 70 కిలోలు దాటుతాయి. బ్రిడ్జి కేవలం సరేసు మీద ఆధారపడి ఉంటుంది, లేచి వచ్చేస్తుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చండి. కొత్త నైలాన్ కొన్ని రోజులు సాగుతూనే ఉంటుంది, శ్రుతి నిలవలేదని కంగారు పడొద్దు.

వాయించాక చెమట తుడవండి, మెత్తని పొడి గుడ్డ చాలు. మంచి గిటార్ల మీద స్పిరిట్‌లో కరిగించిన లక్కను పల్చగా రుద్దిన పాలిష్ ఉంటుంది. మన చెట్ల మీద పురుగు చేసే లక్కే అది. స్పిరిట్, శానిటైజర్ తగిలితే మచ్చ పడుతుంది. ఫర్నిచర్ నూనెలు పూయొద్దు.

మెట్లు గుచ్చుకుంటే, తీగ గరగరమంటే, ముందు గాలిని చూడండి. పగిలితే గమ్ము వద్దు. తడి పెట్టి, ఆగి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు

గిటార్ నాతో పాటు హైదరాబాద్‌లోనే ఉంటుంది. పండక్కి వచ్చినప్పుడు ఊరికి తెస్తాను. దీపం వెలుగులో వంచి చూస్తే పై పలక మీద గీత సన్నగా కనిపిస్తుంది. శబ్దంలో తేడా నాకైతే తెలియలేదు.

పోయినసారి వానాకాలంలో వచ్చినప్పుడు పెట్టె తెరిచి పెట్టి నిద్రపోయాను. పొద్దున లేచేసరికి మూసి ఉంది. పక్కనే అమ్మ చాట. వానకు ఆకు తేమ పట్టి ఉంది, దాన్ని వేళ్లతో విడదీస్తోంది.

'వాన గాలి కొడ్తుంటే తెరిచి పెట్టి పంటవారా?' అంది. తర్వాత, 'తీయ్, ఒకటి వాయించు. నేను చేస్కుంట ఇంట' అంది.

గిటార్ నేర్చుకునే ప్రతివాడూ నేర్చుకునే ఒక పాత స్పానిష్ బాణీ ఉంది, అది మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు తప్పు పోయింది. అమ్మ తల ఎత్తలేదు. నేను ఆపేసరికి ఇరవై అయిదు బీడీల కట్ట ఒకటి దారం చుట్టి పక్కన పెట్టింది.

'ఒక కట్ట అయింది. ఇంకోటి వాయించు' అంది.